వేగులవారు తెచ్చిన వార్త



2025 నవంబరు 1న, రాష్ట్రావతరణ దినాన, కేరళ ముఖ్యమంత్రి పినరయి విజయన్ తమ రాష్ట్రంలో తీవ్ర పేదరికం తొలగిపోయిందని శాసనసభలో ప్రకటించారు. 2021లో మొదలుపెట్టిన పథకం కింద 64,006 కుటుంబాలను గుర్తించామని, తిండి, వైద్యం, ఇల్లు, ఆదాయం వీటిలో ఎవరికి ఏది కొరవడిందో చూసి సాయం చేశామని ప్రభుత్వం చెప్పింది. ఇదంతా మోసమంటూ ప్రతిపక్షం సభను బహిష్కరించింది. ఆ లెక్క ఎలా కట్టారో చెప్పమని కొందరు ఆర్థికవేత్తలు అడిగారు.

ఇంతవరకు వార్త. ఆ తర్వాత మన ఫోన్లలోకి వచ్చింది వార్త కాదు, బొమ్మ. ఒకరి బొమ్మలో కేరళ భూలోక స్వర్గం. మరొకరి బొమ్మలో అది అప్పులతో కూలిపోతున్న, దేవుడంటే గిట్టని కమ్యూనిస్టుల రాజ్యం. నడికుడి నుంచి కేరళ వెళ్లి చూసివచ్చినవారు మనలో ఎందరు? మనకు తెలిసిన కేరళ అంతా మన ఆసుపత్రుల్లో పనిచేసిన మలయాళీ నర్సులు, మన బడుల్లో పాఠాలు చెప్పిన సిస్టర్లు. అయినా ఆ రాష్ట్ర ప్రభుత్వం మీద మనలో ప్రతివారికీ గట్టి అభిప్రాయం ఉంది. ఆ అభిప్రాయం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ వారం ఆ ప్రశ్ననే మీ ముందు ఉంచుతున్నాం. ఏ పార్టీకి ఓటు వేయాలో చెప్పడం మా పని కాదు.

ఒకే దేశం, రెండు నివేదికలు

సంఖ్యాకాండము 13వ అధ్యాయం మనకు తెలిసినదే. మోషే పంపిన పన్నెండుమంది వేగులవారు కనానులో నలువది దినములు తిరిగారు. అందరూ నడిచింది ఒకే నేల మీద. అందరూ చూసింది ఒకే ద్రాక్షగెలను. తిరిగి వచ్చాక పదిమంది చెప్పిన మాటకు జనం రాత్రంతా ఏడ్చారు.

ఆ పదిమంది మొదట చెప్పిన వివరాలు అబద్ధాలు కావు. పట్టణాలకు ప్రాకారాలు ఉన్న మాట నిజమే. అక్కడి మనుషులు బలవంతులన్న మాటా నిజమే. యెహోషువ, కాలేబు వాటిని కాదనలేదు. అయితే ఆ పదిమంది నిజాలను తమ భయంతో కలిపి వడ్డించారు. ఆ దేశం తన నివాసులనే మింగేస్తుందన్నారు, తాము మిడతలమన్నారు. వివరం దగ్గర మొదలైన మాట భయం దగ్గర ఆగింది. ఒక తరం మొత్తం అరణ్యంలో రాలిపోయింది.

పత్రికలు ఒక ప్రభుత్వాన్ని చూపించేటప్పుడు జరిగేది చాలావరకు ఇదే. పచ్చి అబద్ధం అరుదు. ఏ నిజాన్ని మొదటి పేజీలో పెట్టారు, దేన్ని లోపలి పేజీకి నెట్టారు, ఏ విశేషణం తగిలించారు అన్నదే మన మనసులో బొమ్మను గీస్తుంది.

1955: మన జిల్లాల అనుభవం

ఇందుకు ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కరలేదు. 1952లో మద్రాసు శాసనసభకు జరిగిన ఎన్నికల్లో తెలుగు జిల్లాల 140 స్థానాలలో కమ్యూనిస్టులు 41 గెలిచారు. కాంగ్రెసుకు వచ్చినవి 40. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. దేశంలో తొలి కమ్యూనిస్టు ప్రభుత్వం ఆంధ్రలోనే రాబోతున్నదని చాలామంది అనుకున్నారు.

అప్పుడు మన పత్రికా రంగం రెండుగా చీలిపోయింది. ఒకవైపు విజయవాడ నుంచి 1952లో మొదలైన 'విశాలాంధ్ర', కమ్యూనిస్టు పార్టీ దినపత్రిక. ఇంకొకవైపు పెద్ద పత్రికలు. 'ఆంధ్రప్రభ' సంపాదకులు నార్ల వెంకటేశ్వరరావు గారు తన కలం బలమంతా కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా వాడారు. బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్ వచ్చి కాంగ్రెసు ప్రచారాన్ని నడిపారు. కమ్యూనిస్టులు వస్తే రష్యా వచ్చినట్టే, మతం పోయినట్టే అన్న మాట ఊరూరా తిరిగింది. అంతలో సోవియట్ పత్రిక 'ప్రావ్దా' నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ రాసింది. కాంగ్రెసువారు దాన్ని అచ్చువేసి పంచారు. ఇక్కడి కమ్యూనిస్టులకు నోట మాట రాలేదు.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఎన్నికలకు నెల ముందే, 1955 జనవరిలో, మద్రాసు దగ్గర ఆవడిలో కాంగ్రెసు మహాసభ 'సోషలిస్టు తరహా సమాజం' తన లక్ష్యమని తీర్మానించింది. అంటే ఆ ఎన్నికల్లో రెండు పక్షాలూ సోషలిజం పేరే చెప్పాయి. ఒకరి సోషలిజం దేశభక్తి అయింది, ఇంకొకరిది దేశద్రోహం అయింది. భూమి ఎవరికి ఎంత పంచుతారు, కౌలుదారుకు ఏ హక్కు ఇస్తారు, కూలి రేటు ఎంత అని ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి అడగవలసిన చోట 'రష్యానా, భారతదేశమా' అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది.

ఫలితం అందరికీ తెలుసు. 196 స్థానాలలో కాంగ్రెసు కూటమికి 146, కమ్యూనిస్టులకు 15. ఘోర పరాజయం అన్నారు. తక్కువమందికి తెలిసిన సంగతి ఏమిటంటే, కమ్యూనిస్టులకు ఆ ఎన్నికల్లో సుమారు 31 శాతం ఓట్లు పడ్డాయి. 1952లో వచ్చిన దానికంటే అది ఎక్కువ. ఎదుటివారంతా ఒక్కటై నిలబడ్డారు కాబట్టి స్థానాలు పోయాయి. ఓడిపోయారన్న వార్త నిజం. ప్రజలు వారిని విడిచిపెట్టారన్న బొమ్మ నిజం కాదు. వంద మందిలో ముప్పై ఒక్కరు ఏ బాధతో ఆ గుర్తు మీద ఓటు వేశారో ఆ గెలుపు సంబరంలో అడిగినవారు తక్కువ.

ఆ ముప్పై ఒక్కరిలో మనవారూ ఉన్నారు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పగలు కూలి సంఘం జెండా పట్టి, ఆదివారం గుడిలో పాట పాడిన తాతలు మన సంఘాల్లో ఉండేవారు. వారికి ఆ రెండింటికీ మధ్య తగవు కనిపించలేదు. తగవు ఉందని వారికి చెప్పినవి ఎక్కువగా కాగితాలే.

కేరళలో సంఘం పాత్ర

ఆంధ్రలో రాని ప్రభుత్వం రెండేళ్ల తర్వాత కేరళలో వచ్చింది. 1957 ఏప్రిల్ 5న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ముఖ్యమంత్రి అయ్యారు. ఈ అధ్యాయాన్ని మనం క్రైస్తవులుగా జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే ఇక్కడ బొమ్మ గీసినవారిలో మనవారూ ఉన్నారు.

ఆ ప్రభుత్వం తెచ్చిన విద్యా బిల్లు ప్రైవేటు బడుల టీచర్లకు ప్రభుత్వమే నేరుగా జీతం ఇవ్వాలని, నియామకాలకు పద్ధతి ఉండాలని కోరింది. ఆ రోజుల్లో యాజమాన్యాల కింద పనిచేసే టీచర్లు సంతకం పెట్టిన జీతం ఒకటి, చేతికి వచ్చేది ఒకటి అన్నది బహిరంగ రహస్యం. బిల్లు తెచ్చిన విద్యామంత్రి జోసెఫ్ ముండశ్శేరి స్వయంగా కాథలిక్ కుటుంబంలో పుట్టినవారు.

సంఘం భయానికి ఆధారం లేదని కూడా అనలేం. రాష్ట్రపతి ఆ బిల్లు మీద సుప్రీంకోర్టు అభిప్రాయం అడిగారు. 1958లో కోర్టు, అందులోని కొన్ని నిబంధనలు మైనారిటీల విద్యాసంస్థలకు రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కుకు విరుద్ధమని చెప్పింది. ఈనాడు దేశమంతటా మన మిషన్ బడులకు అండగా ఉన్న తీర్పుల వరుసలో అది మొదటివాటిలో ఒకటి. ప్రభుత్వం బిల్లును సవరించింది. 1959లో అది చట్టమైంది. న్యాయమార్గంలో అడిగితే న్యాయం కొంత దొరికిందన్నమాట.

అయినా వీధి పోరాటం ఆగలేదు. కాథలిక్ సంఘం, నాయర్ సర్వీస్ సొసైటీ, ముస్లిం లీగు, కాంగ్రెసు కలిసి 1959 జూన్ 12న 'విమోచన సమరం' మొదలుపెట్టాయి. క్రైస్తవుల యాజమాన్యంలోని 'దీపిక', 'మలయాళ మనోరమ' దానికి గొంతునిచ్చాయి. మరుసటి రోజే అంగమాలిలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. ఆ రక్తానికి ఆ ప్రభుత్వం జవాబు చెప్పవలసిందే. జులై 31న కేంద్రం ప్రభుత్వాన్ని రద్దు చేసింది. ఆనాటి గొడవలో అమెరికా సొమ్ము కూడా పనిచేసిందని, తర్వాత మన దేశంలో అమెరికా రాయబారిగా ఉన్న డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ 1978లో తన పుస్తకంలో రాశారు. విశ్వాసులు తమ గుడి కోసం, బడి కోసం వీధిలోకి వచ్చామనుకున్నారు. వారి వెనుక ఎవరెవరు నడుస్తున్నారో వారికి కనిపించలేదు. అదే జూన్ నెలలో శాసనసభ ఆమోదించిన భూసంస్కరణల బిల్లు ఎవరి పొలాలకు ఎసరు పెట్టిందో గుర్తుచేసుకుంటే ఆ సమరంలో కొందరి ఆవేశానికి కారణం ఇంకా బాగా అర్థమవుతుంది.

1960 ఎన్నికల్లో కమ్యూనిస్టుల స్థానాలు 60 నుంచి 29కి పడిపోయాయి. ఓట్లు మాత్రం సుమారు 35 శాతం నుంచి 39 శాతానికి పెరిగాయి. మన 1955 మళ్లీ జరిగినట్టే.

ఆ పోరాటంలో ముందు నిలిచిన ఒక కాథలిక్ గురువును ఇక్కడ గుర్తుచేసుకోవాలి. త్రిశ్శూరుకు చెందిన ఫాదర్ జోసెఫ్ వడక్కన్ కమ్యూనిస్టులకు బద్ధవ్యతిరేకి. 1961లో, కాంగ్రెసు కూటమి ప్రభుత్వం ఉండగా, ఇడుక్కి కొండల్లో అయ్యప్పన్‌కోవిల్ నుంచి వేలాది రైతు కుటుంబాలను ఖాళీ చేయించారు. వారిలో క్రైస్తవులు చాలామంది. వారి కోసం కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ అమరావతి అనే ఊరిలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. పేరు ఒకటే గాని అది మన అమరావతి కాదు. ఫాదర్ వడక్కన్ వెళ్లి ఆ కమ్యూనిస్టు పక్కన నిలబడ్డారు. ఆయన తన విశ్వాసం మార్చుకోలేదు. గురువుగా తన మందలోని మనుషులు వానలో నిలబడి ఉండడం కళ్లతో చూశారు. పత్రికలో చూసిన బొమ్మ కంటే ఎదురుగా చూసిన మనిషి ఆయనకు పెద్దగా కనిపించాడు.

ఆ తర్వాత కేరళలో వామపక్షాలు ఎన్నోసార్లు అధికారానికి వచ్చాయి, పోయాయి. గుడులకు తాళాలు పడలేదు. మిషన్ బడులు, ఆసుపత్రులు నడుస్తూనే ఉన్నాయి. కేంద్రంలోని నీతి ఆయోగ్ 2023లో ఇచ్చిన నివేదికలో బహుముఖ పేదరికం అతి తక్కువ ఉన్న రాష్ట్రం కేరళ, 0.55 శాతం. ఆ ఘనత ఒక్క పార్టీది కాదు. రెండు కూటముల పాలన, మిషన్ బడులు, గల్ఫు దేశాల నుంచి కష్టజీవులు పంపిన డబ్బు, అన్నీ అందులో ఉన్నాయి. ఈ మాట పూర్తిగా చెప్పే వార్త మనకు ఏ వైపు నుంచీ రాదు.

రెండో వైపు బొమ్మ

ఇంతవరకు చదివి, సంపాదకులు ఎర్రజెండా పట్టారని ఎవరైనా అనుకుంటే కొంచెం ఆగండి. అందమైన బొమ్మ కూడా మనిషిని మోసం చేస్తుంది.

మా తరంవారికి 'సోవియట్ భూమి' పత్రిక గుర్తుంటుంది. నున్నటి కాగితం మీద గోధుమ చేలు, ట్రాక్టర్లు, నవ్వుతున్న పిల్లలు. పిల్లలు వాటిని చింపి పుస్తకాలకు అట్టలు వేసుకునేవారు. మాస్కో నుంచి తెలుగులో వచ్చిన కథల పుస్తకాలు చాలా చవకగా దొరికేవి, వాటిలో మంచి సాహిత్యమూ ఉండేది. ఆ పేజీల్లో ఉక్రెయిన్‌లో 1932-33లో లక్షలాదిమంది ఆకలితో చచ్చిపోయిన సంగతి లేదు. మూతపడిన గుడులు లేవు. సైబీరియా శిబిరాలకు వెళ్లిన గురువులు, పాస్టర్లు లేరు. 1956లో స్టాలిన్ ఘోరాలను సొంత పార్టీ నాయకుడు క్రుశ్చేవే బయటపెట్టే వరకు మన దేశంలో ఎందరో మంచివారు అవన్నీ శత్రువుల కట్టుకథలని నమ్మారు. రుమేనియాలో పద్నాలుగేళ్లు చెరలో ఉన్న లూథరన్ పాస్టరు రిచర్డ్ వర్మ్‌బ్రాండ్ గారి సాక్ష్యం మన సంఘాల్లో చాలామంది చదివారు. అది కట్టుకథ కాదు. చైనాలో చెంగ్డూ నగరపు పాస్టరు వాంగ్ యీకి 2019 డిసెంబరులో తొమ్మిదేళ్ల శిక్ష వేశారు. అదీ నిజమే.

అయితే ఒకే పార్టీ తప్ప మరొకటి ఉండకూడదన్న రాజ్యం వేరు, ఓటుతో వచ్చి ఓటుతో దిగిపోయే ప్రభుత్వం వేరు. చైనా పాస్టరు కన్నీటిని చూపించి కేరళ పంచాయతీని తిట్టడం, కేరళ ఆసుపత్రిని చూపించి చైనా చెరసాలను కప్పిపుచ్చడం, రెండూ ఒక్క మోసానికి రెండు ముఖాలు. 'సోషలిస్టు' అన్న ఒక్క మాట కింద అన్నిటినీ కట్టగట్టినప్పుడు ఈ మోసం సులువవుతుంది.

2007నే తీసుకోండి. ఆ మార్చి 14న పశ్చిమ బెంగాల్‌లోని నందిగ్రామ్‌లో, భూములు ఇవ్వమన్న రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 14 మంది చనిపోయారు. అక్కడిది వామపక్ష ప్రభుత్వం. అదే ఏడాది జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో, పేదలకు భూమి ఇవ్వమని వామపక్షాలు చేసిన ఆందోళనలో పోలీసులు కాల్చారు. ఏడుగురు చనిపోయారు. ఇక్కడిది కాంగ్రెసు ప్రభుత్వం. రెండు చోట్లా పేదవాడు, రెండు చోట్లా భూమి, రెండు చోట్లా తూటా. అయినా ఒక ఊరి పేరు చెప్పి కన్నీరు పెట్టుకున్నవారు రెండో ఊరి పేరు వచ్చేసరికి 'పరిస్థితులు', 'కుట్ర', 'అనివార్యం' అన్న మాటలు వెతుక్కున్నారు. ఇరువైపులవారూ అదే చేశారు. దేవుని యెదుట ఆ ఇరవై ఒక్క ప్రాణాల విలువలో తేడా లేదు.

మాటల తూకం

ఈనాటి మాటల్లోనూ ఈ తూకం చూడవచ్చు. పేదవాడికి బియ్యమో, పింఛనో ఇస్తే 'తాయిలం', 'ఉచితం'. పరిశ్రమకు భూమి, కరెంటు, పన్ను తగ్గించి ఇస్తే 'ప్రోత్సాహకం', 'రాయితీ'. రెండూ ప్రభుత్వ ఖజానా నుంచి పోయేవే. రెంటిలోనూ మంచివీ ఉండవచ్చు, వృథావీ ఉండవచ్చు. పేరు పెట్టడంలోనే తీర్పు చెప్పేస్తే లెక్క చూసే అవసరం ఎవరికీ కనిపించదు. 1976లో రాజ్యాంగ పీఠికలో చేర్చిన 'సోషలిస్టు' అన్న మాటను తీసేయాలని వేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబరు 25న కొట్టివేసింది. మన దేశంలో ఆ మాటకు సంక్షేమ రాజ్యం, సమాన అవకాశం అన్న అర్థం ఉందని, ప్రైవేటు వ్యాపారానికి అది అడ్డు కాదని కోర్టు చెప్పింది. టీవీ చర్చల్లో వినిపించే అర్థానికీ దీనికీ ఎంత దూరమో మీరే చూడండి.

ఇది మన సంగతి ఎందుకు?

రాజకీయం మనకెందుకు, ప్రార్థన చేసుకుందాం అనేవారు ఉన్నారు. ప్రార్థన చేయవలసిందే. అయితే తప్పుడు బొమ్మ వల్ల కలిగే గాయం ఎలా ఉంటుందో క్రైస్తవుడికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. రోమా పట్టణం తగలబడినప్పుడు నీరో నింద వేసింది మన మీదే. థెస్సలొనీకలో పౌలు, సీలలను లోకాన్ని తలకిందులు చేసేవారని, రాజద్రోహులని అన్నారు (అపొ. కార్యములు 17). ఈనాడు ఎక్కడో ఒక పాస్టరు తప్పు చేస్తే ఆ మచ్చ చర్చీలన్నిటికీ పూస్తున్నారు. బియ్యం మూట కోసం మతం మారారని మన తల్లిదండ్రుల విశ్వాసాన్ని ఎగతాళి చేస్తున్నారు. అప్పుడు మనం అడిగేది ఏమిటి? మమ్మల్ని చూడండి, మాతో మాట్లాడండి, ఆ తర్వాత రాయండి అని. మనకోసం అడిగే ఆ న్యాయాన్ని ఇంకొకరికి ఇవ్వకపోతే మన నోరు ఎలా లేస్తుంది?

పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం కూడదన్న ఆజ్ఞ కొన్ని సంఘాల లెక్కలో తొమ్మిదవది, లూథరన్, కాథలిక్ లెక్కలో ఎనిమిదవది. అంకెలో తేడా ఉన్నా ఆజ్ఞ ఒకటే. 1849లో ఫాదర్ హయ్యర్ గురజాలకు వచ్చి పని మొదలుపెట్టినప్పటి నుంచి పల్నాడు లూథరన్ బిడ్డలు నేర్చుకున్న చిన్న కాటికిజంలో లూథరు దీనికి ఇచ్చిన అర్థం లోతైనది. పొరుగువాని గురించి అబద్ధం చెప్పకపోతే సరిపోదని, అతని తరఫున మాట్లాడాలని, అతని పనులను సాధ్యమైనంత మంచి భావంతో అర్థం చేసుకోవాలని ఆయన బోధించాడు. పొరుగువాడంటే పక్కింటివాడే కాదు. మన ఓటు పడని పార్టీవాడు, మనకు నచ్చని ప్రభుత్వాన్ని నడిపేవాడు కూడా పొరుగువాడే. వాట్సాప్‌లో ఒక వేలు తాకిడితో పంపే మాట కూడా సాక్ష్యమే.

అందుకని సంఘ పెద్దలకు, యౌవనస్థులకు, స్త్రీల సమాజానికి మా మనవి. ఒక ప్రభుత్వాన్ని పొగిడే వీడియో గానీ, తెగిడే వీడియో గానీ వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది ఎప్పుడు, ఎక్కడ జరిగింది? ఇందులో జరిగిన సంగతి ఎంత, తగిలించిన విశేషణం ఎంత? ఇందులో ఎవరి నోరు వినిపించలేదు? ఇదే పని మనకు నచ్చిన ప్రభుత్వం చేస్తే మనం ఏమని ఉండేవాళ్లం? ఈ నాలుగో ప్రశ్నే కష్టమైనది. చాలా ఫార్వర్డులు దాని దగ్గరే ఆగిపోతాయి, ఆగిపోనివ్వండి. ముందుగా మాట్లాడినవాడు న్యాయవంతుడిలా కనిపిస్తాడని, పొరుగువాడు వచ్చి పరీక్షించాకే సంగతి తేలుతుందని సామెతలు 18వ అధ్యాయం మనల్ని హెచ్చరిస్తోంది. ఇంటికి ఒక పత్రిక వస్తుంటే, వారానికి ఒక్కసారైనా దానికి ఎదురువైపు పత్రిక కూడా చదవండి. ఏ పత్రిక ఏ పార్టీదో మన టీ కొట్ల దగ్గర అందరికీ తెలుసు కాబట్టి వెతుక్కోవడం కష్టం కాదు.

పాస్టర్లకు ఇంకొక్క మాట. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ప్రసంగ వేదిక వైపు నాయకుల చూపు పడుతుంది. కేరళలో 1959లో గుడి గంట వెనుక ఎవరెవరు నడిచారో గుర్తుంచుకోండి. సంఘానికి అన్యాయం జరిగితే గట్టిగా అడగండి, కోర్టుకైనా వెళ్లండి. మన భయాన్ని మాత్రం మరొకరి లాభానికి అప్పుగా ఇవ్వకండి.

కనాను నుంచి వచ్చిన పన్నెండుమందిలో జనం నమ్మింది ఎక్కువమంది చెప్పిన మాటను. దేవుడు మెచ్చింది ఆ ప్రాకారాలను చూసి కూడా భయానికి లొంగని ఇద్దరిని. మన కళ్ల ముందుకు ప్రతిరోజూ వచ్చే వందల నివేదికల మధ్య సత్యాన్ని వెతికే ఓపికను, ఎదుటివాడి మాట వినే చెవిని, పేదవాడు ఏ జెండా కింద ఏడ్చినా అది మన ఏడ్పే అని తెలుసుకునే హృదయాన్ని ప్రభువు మన సంఘాలకు దయచేయును గాక. ఆమేన్.